ముఖము చూడని స్నేహితురాలు

పఠనము: లూకా 10:25-37, కొలొస్సయులకు 2:1-5

సూరత్ నగరమునందు, లింబాయత్ మొదలగు పేటలలో, మరమగ్గముల పనికై వలసవెళ్లిన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. స్వస్థలమునకు దూరమైన ఇట్టివారికి స్నేహములు సహితము నేడు చేతిలోని ఫోనుమీదనే కలుగుచున్నవి. ముఖము చూడకయే ఒకరి భారము నొకరు ప్రార్థనలో మోయుదురు. అట్టి స్నేహితురాలు ఒంటరి ప్రయాణములో హతురాలైనదని వినిన సహోదరి, ఏడ్చుటకు తనకేమి హక్కని సంకోచించును. కొలొస్సయిలో తన ముఖము చూడనివారి కొరకు పౌలు ఎంతగా పోరాడెనో ఆమె చదువవలెను.

2014 జనవరిలో, క్రిస్మసు సెలవుల పిమ్మట రైలులో ఒంటరిగా ముంబయి చేరిన తెలుగు యువతి హత్య చేయబడెను. మరణశిక్ష విధింపబడిన వానిని 2025 జనవరిలో సుప్రీంకోర్టు నిర్దోషియని విడుదల చేసెను. హేబెలు రక్తమువలె ఆ రక్తము ఇంకను నేలనుండి మొరపెట్టుచున్నది.

ఇట్టి సమయమున “ఒంటరిగా ఏల వెళ్లెను?” అనువారు ఎప్పుడును ఉందురు. యెరికో త్రోవలో పడియున్నవానిని సమరయుడు ఆ మాట అడుగలేదు. ప్రభువును ఆ ప్రశ్న యెత్తలేదు. అయితే సమరయుడు వచ్చునప్పటికి ఆ మనుష్యునికి ప్రాణముండెను. ఈమె యొద్దకు ఎవరును సకాలమున రాలేదు. ఇది కఠినమైన సంగతి. త్వరపడి ఒక వచనముతో దీనిని కప్పివేయరాదు. లాజరును లేపబోవుచుండియు యేసు మొదట కన్నీరు విడిచెను.

ఆ సహోదరిని ఏడ్వనిండు. స్నేహితురాలు పంపిన ప్రార్థన మనవులు ఆ ఫోనులో ఇంకను ఉండును. తల్లి మోకాళ్ల నొప్పి కొరకైన మనవియు అందుండవచ్చును. ఆ తల్లి ఇంకను బ్రతికియున్నది.