స్ట్రీమరు ఎంపికలో చెవి ప్రమాణమా?

ఇంటర్నెట్టు నుంచి సంగీతాన్ని అంకెల రూపంలో అందుకొని, ఆ అంకెలను విద్యుత్తరంగంగా మార్చే డాక్ అనే భాగానికి అప్పగించే పరికరం స్ట్రీమరు. వేలల్లో దొరికేదా, లక్షలు పలికేదా, ఏది మేలని తేల్చవలసివచ్చినప్పుడు తలెత్తే ప్రశ్న నిజానికి న్యాయదర్శనానిది. ఇంద్రియానికి విషయంతో సన్నికర్ష, అంటే సంబంధం, కలిగినప్పుడు పుట్టే ప్రత్యక్షజ్ఞానం అవ్యభిచారి, అనగా గురి తప్పనిది, కావాలని గౌతముని న్యాయసూత్రాలు నియమించాయి. ధర తెలిసిన చెవి ఆ నియమాన్ని ఇట్టే దాటిపోతుంది. కాస్త బిగ్గరగా మోగేదే మెరుగని తోచడమూ సహజమే కనుక, శబ్దస్థాయిని సమం చేసి, ఏ పెట్టె మోగుతున్నదో తెలియకుండా వినడమే సరైన పరీక్ష.

స్ట్రీమరు ఎంత మేలైనదైనా మూలంలోని రికార్డును మించలేదు. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో 1901లో పుట్టిన రంగస్థల నటగాయకుడు ఈలపాట రఘురామయ్య పద్యాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. నిమిషానికి 78 సార్లు తిరిగే గ్రామఫోను రికార్డు ఆ గొంతులోని పైస్థాయి ధ్వనులను కొంతవరకే పట్టుకోగలిగింది. దానిని సెకనుకు 1,92,000 నమూనాలతో, అంటే సీడీలోని 44,100కు నాలుగు రెట్లకు పైగా, అంకెల్లోకి మార్చినా, పోయిన ధ్వని తిరిగి రాదు. గీతల చిటపటలు మాత్రం శుభ్రంగా వినిపిస్తాయి. కారణంలో లేనిది కార్యంలో పుట్టదనే సాంఖ్యుల సత్కార్యవాదం ఇక్కడ, కార్యం కొత్తగా పుడుతుందనే నైయాయికుల మాటకన్నా బాగా పొసగుతుంది. ఇక వినే గది మాటకొస్తే, ఒంగోలులోనైనా, నరసరావుపేటలోనైనా, గచ్చునేల, బోడిగోడల హాల్లో ప్రతిధ్వనిని అణచే తివాచీ, మందపాటి తెరలు, వాటితోపాటు మంచి స్పీకర్లు చేసే మేలు ముందు ఖరీదైన స్ట్రీమరు తెచ్చే తేడా స్వల్పం.