బోనెక్కని ప్రభువు

మా నెల్లూరు జిల్లాలో నిజాము పతనమంటే అలగానిపాడు బిడ్డ పుచ్చలపల్లి సుందరయ్యగారు గుర్తుకొస్తారు. పోరాటం సంగతి మనమందరం చెప్పుకొంటాం. ఆ తరువాత ఎవరు ఎవరికి జవాబు చెప్పారన్నది మాత్రం అడగం.

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు లొంగిపోయింది. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ జైలుశిక్ష అనుభవించి 1957లో పాకిస్తాను చేరాడు. అతని దళాలు ఎవరి రాజ్యంలో పెరిగాయో ఆ నిజాము 1950 నుండి 1956 దాకా రాజప్రముఖ్! దొరలపై తిరగబడిన రైతులకు మాత్రం సైన్యపు తుపాకులు, జైళ్ళు. సుందరయ్యగారికి మళ్ళీ అజ్ఞాతవాసం.

రజ్వీ ముఠా తనను నిస్సహాయుణ్ణి చేసిందని నిజాము ఆ సెప్టెంబరులోనే రేడియోలో చెప్పుకొన్నాడు. కొంత నిజమే కావచ్చు. కాని అది బోనులో నిలబడి, ఎదురు ప్రశ్నలకు తట్టుకొని చెప్పవలసిన మాట. ప్రశ్నించే సాహసం ఢిల్లీకి లేకపోయింది. సంస్థానాధీశునితో దానికి పని ఉంది మరి.

పైవాణ్ణి అడగని నేరం కిందివాని మీద పడింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో రజాకార్ల పేర ఊచకోతకు గురైన ముస్లిములలో ఏ పాపమూ ఎరుగని పేదలెందరో. సంస్థానం మొత్తంమీద హతులు 27 వేల నుండి 40 వేలని సుందర్‌లాల్ సంఘం అంచనా కట్టింది. వారికి రేడియో లేదు, సంజాయిషీకి వ్యవధీ లేదు. ఆ సంఘం నివేదికను ప్రభుత్వం దశాబ్దాల తరబడి ప్రచురించనే లేదు.