అంగడికి వెల కట్టుట యెట్లు?

నగరము పెరుగవలెనా, పెరుగరాదా యని తర్కించుట నిష్ప్రయోజనము. జనము పెరిగిన నగరము పెరుగును. ఇరుకు వీధులు వెడల్పు చేయవలసివచ్చును. పాత గోడలు పడవలసివచ్చును. దీనిని కాదనువాడు లోకజ్ఞానము లేనివాడు. కాని నగరము పెరుగుట యొకటి, ఆ పెరుగుదల వ్యయమును ఎవరి నెత్తిన వేయవలెనన్నది మఱియొకటి. మొదటిది ఇంజనీర్ల ప్రశ్న. రెండవది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. మొదటిదానిపై చూపు శ్రద్ధలో నాలవవంతైనను మనము రెండవదానిపై చూపుటలేదు. ఆ రెండవ ప్రశ్ననే మేమిచ్చట ఒక చిన్న వస్తువును ముందుంచుకొని విచారింపదలచితిమి. ఆ వస్తువు వీధిమొగనున్న కిరాణా దుకాణము.

హైదరాబాదు పాతనగరమును చూడుడు. మెట్రో రైలుమార్గము 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్సు స్టేషను వఱకు వచ్చి యచ్చటనే నిలిచిపోయెను. దానిని పాతనగరములోనికి పొడిగించు పనికి 2024 మార్చి 8వ తేదీన శంకుస్థాపన జరిగినది. సాలార్జంగు మ్యూజియము, చార్మినారు, శాలిబండ, ఫలక్‌నుమాల మీదుగా చాంద్రాయణగుట్ట వఱకు సుమారు 7.5 కిలోమీటర్ల మార్గమిది. దీనికొఱకు రోడ్డు వెడల్పు చేయవలసి, ఇరుప్రక్కల వందలకొలది కట్టడములు తొలగింపున కేర్పడినవి. 2025 జనవరిలో నష్టపరిహారపు చెక్కుల పంపిణీ ఆరంభమైనది. చదరపు గజమునకు 81,000 రూపాయలు వెల కట్టిరి. రైలు వచ్చుట మంచిదే. ఫలక్‌నుమానుండి దినమును పనికి పోవు కూలివానికి ఎండలో బస్సుకై కనిపెట్టుకొనియుండు బాధ తగ్గును. ఆ మేలును మేము తక్కువచేసి చెప్పము.

కాని కొలతగాని లెక్కలో నేల వచ్చినది, గోడ వచ్చినది, కప్పు వచ్చినది, అంగడి రాలేదు. నేలయు గోడయు సొంతదారునివి. వాని పరిహారము వానికి చెల్లును. దుకాణదారులలో నెందరో అద్దెకున్నవారు. అట్టివాని సొత్తేమి? నాలుగు బియ్యపు బస్తాలు, పప్పుల డబ్బాలు, నూనె పీపా, త్రాసు, గల్లాపెట్టె. ఇవి యన్నియు రెండు తోపుడుబండ్లకు మించవు. వాని యసలైన మూలధనము గల్లాపెట్టె ప్రక్కనుండు ఉద్దెర పుస్తకము. అందు పత్రము లేదు, సాక్షి లేదు, పూచీ లేదు. దినకూలి వారాంతము వఱకును, నెలజీతగాడు ఒకటవ తేదీ వఱకును ఆ పుస్తకములోని యొక పద్దు మీద సంసారము గడుపుకొందురు. ఒంటరి ముదుసలి పావుకిలో పప్పునకు పొరుగు పిల్లవానిని పంపిన, వాడెవరి కొఱకు వచ్చెనో యడుగకయే పొట్లము కట్టి యిచ్చును. రాత్రివేళ జ్వరము వచ్చిన యింటివారు సగ్గుబియ్యమునకై వాని తలుపు తట్టవచ్చును.

ఈ నమ్మకము ఒకనాట వచ్చినది కాదు. ఎగవేసినవారిని ఓర్చుకొనుచు, చెల్లించినవారిని గుర్తుంచుకొనుచు ఇరువది ముప్పది యేండ్లలో సంపాదించినది. ఆ పుస్తకమును ఐదు మైళ్ల దూరమునకు తీసికొనిపోయినచో అది వట్టి కాగితము. అచ్చటివారిని వాడెఱుగడు, వానిని వారెఱుగరు. నష్టము వానితోనే యాగదు. ఉద్దెర దొరకని బీదవాడు వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కును. కావున అంగడి తొలగుటలో నష్టపోవువారు దుకాణదారు, వీధిజనము, ఇరువురును. పరిహారపు పట్టికలో ఈ రెండవవారి పేరే లేదు.

చట్టము ఈ విషయమును బొత్తిగా ఎఱుగదనుట న్యాయము కాదు. బొంబాయి కాలిబాటలపై నివసించువారి వ్యాజ్యెములో 1985లో సుప్రీంకోర్టు, జీవనోపాధి ప్రాణరక్షణ హక్కులోని భాగమే యని చెప్పినది. 1894 నాటి పాత భూసేకరణ చట్టమునందు పునరావాస హక్కునకు చోటు లేకుండెను. దాని స్థానమున 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన 2013వ సంవత్సరపు చట్టము, నేల లేకున్నను మూడేండ్లుగా ఆ చోటునే జీవనాధారముగా గల కుటుంబమును నష్టపోయిన కుటుంబముగా గుర్తించినది. ఇది గొప్ప మాట. కాని అట్లు గుర్తించిన చేతితోనే, చిన్న వర్తకునికి ఏకమొత్తముగా నీయవలసిన సాయము 25,000 రూపాయలకు తగ్గరాదని వ్రాసినది. ప్రభుత్వములు అంతకు మించి యీయవచ్చును. అయినను కనీసపు మొత్తమును బట్టి శాసనకర్తల త్రాసు తెలియుచున్నది. గజము నేలకు 81,000. జీవనోపాధికి కనీసము 25,000. అనగా ఒక మనుష్యుని జీవితకాలపు నమ్మకము గజము నేలలో మూడవవంతునకైనను సరితూగలేదు.

ఈ చిక్కు మన దేశమునకే వచ్చినది కాదు. అమెరికా రాజధానియగు వాషింగ్టనులో నైరుతి భాగమును మురికివాడయని నిర్ణయించి, దానిని కూల్చి క్రొత్తగా కట్టదలచిరి. అచ్చట పలువిధముల సరకులమ్ము దుకాణమొకటి యుండెను. తన దుకాణము శిథిలము కాదనియు, దానిని తీసికొని వేఱు సొంతదారులకు కట్టబెట్టుట అన్యాయమనియు వాదించుచు ఆ పక్షము దేశపు అత్యున్నత న్యాయస్థానము వఱకు పోయెను. 1954లో న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ వాదమును త్రోసివేసిరి. ఒక్కొక్క కట్టడమును కాక, ప్రాంతమంతయు నొకటిగా చూచి ప్రణాళిక వేయు నధికారము ప్రభుత్వమునకు గలదనిరి. పిదప ఆ ప్రాంతము దాదాపుగా నేలమట్టమైనది. ఇరువదివేలకు పైగా జనము, అందధికసంఖ్యాకులు నల్లజాతివారు, చెదరిపోయిరి. చేయుటకు అధికారము కలదా యను ప్రశ్నకు ఆ తీర్పు సమాధానము. చేసినపిమ్మట చేసినవాని ఋణమేమి యను ప్రశ్నకు అది సమాధానము కాదు. శక్యమైనదెల్ల ధర్మ్యము కాదని మనవారు చిరకాలమునుండి యెఱుగుదురు.

ఇచ్చట కొందరు ఆక్షేపింతురు. కిరాణాదారు ధర్మరాజా? తూకము తగ్గించువాడు, ఉద్దెరకు ధర హెచ్చించువాడు లేడా? ఉన్నాడు. తూనికల అధికారులుండుట అందుకే. దొంగ త్రాసును శిక్షింపవచ్చును గాని, దొంగ త్రాసు లెక్క చెప్పి మంచి త్రాసును కూడ వీధిలో పాఱవేయరాదు. ఫోను మీద సరకులు ఇంటికి వచ్చు కాలమున ఈ దుకాణములు ఎట్లును నిలువవని మఱికొందరందురు. నిలువకపోవచ్చును. కొనువారు మానుకొనగా మూతపడుట వ్యాపారధర్మము. నడుచుచున్నదానిని సర్కారు చేయి మూయుట వేఱు. ముసలివాడెట్లును పోవునని వానిని చంపినవాడు నిర్దోషి యగునా? ఇక నెలాఖరున ఉద్దెరకు వీధి దుకాణమును, జీతము రాగానే నగదుతో పెద్ద బజారును ఆశ్రయించు గృహస్థులు, అంగడి పోయెనే యని విచారించుటకు ముందు తమ నడతను విచారించుకొనుట మంచిది.

రోడ్డునకును అంగడికిని పుట్టువైరము లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వఱద హైదరాబాదును ముంచెత్తిన పిమ్మట, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డు ఏర్పడినది. రైలుమార్గమునకు చేరువనున్న పత్తర్‌గట్టీ ఆ బోర్డు కట్టించినదే. వీధిని వెడల్పు చేసిన చేతితోనే ఇరువైపుల రాతి కమానులతో క్రింద దుకాణములు, పైన నివాసములు కట్టిరి. ఆనాటి పద్ధతులన్నియు ఆదర్శములని మేమనము. కాని వీధి పటము గీచునప్పుడే అంగడికి కూడ గీత గీయవచ్చునని ఆ రాళ్లు నేటికిని చెప్పుచున్నవి.

కావున మేము కోరునది దయ కాదు, లెక్క. గోడలు కొలుచుటకు ముందు ఆ వీధిలో ఎవరు ఎన్ని యేండ్లుగా అంగడి పెట్టుకొనియున్నారో, వారిపై ఎందరు పనివాండ్రు ఆధారపడియున్నారో వ్రాయవలెను. స్టేషనుల చెంత కట్టు క్రొత్త గదులలో తొలి హక్కు తొలగినవారి కుండవలెను. అద్దె వారు భరింపగలిగినదై యుండవలెను. రూపాయలతో పాటు పాత ఖాతాదారు నడచి రాగల దూరములో చోటు చూపవలెను. క్రొత్త చోట కుదురుకొను వఱకు నెలనెలయు గ్రాసము జరుగవలెను. రైలునకు కోట్లు వ్యయమగుచుండగా ఇది భరింపరాని బరువు కాదు. నలుగురి మేలునకై యొకని చోటు తీసికొను నగరము వానికి మొదట చోటు చూపి, పిమ్మట గోడపై గునపము వేయవలెను. ఈ క్రమము తప్పినచో ఎంత వెడల్పు వీధి వేసినను దానిని అభివృద్ధి యనుటకు మాకు నోరాడదు.