సర్కస్ మాటలు వాడేటప్పుడు

ఒరే నాన్నా, ఇంగ్లీషు పట్టుబట్టి నేర్చుకుంటున్నావు, చూస్తే ముచ్చటేస్తోంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి.

తోటలో కొమ్మ చివరిదాకా పాకి చిక్కంతో కాయ దించే మనిషిని చూసి ‘సర్కస్ ఫీట్లు’ అన్నావు. బాగుంది. ఆ పనిలో నేర్పుంది, ప్రాణభయమూ ఉంది. తమ్ముడు లెక్క తప్పితే ‘జోకర్’ అన్నావు చూడు, అది బాగాలేదు. ఎముక విరగకుండా పడటం నేర్చినవాడే డేరాలో జోకర్ అవుతాడు. ఒక ఆట ముగిసి ఇంకో ఆటకు సామాను సర్దేదాకా వేలమంది జనాన్ని ఒంటిచేత్తో నిలబెట్టేది అతనే.

పేపర్లో ‘జంబో కార్యవర్గం’ అని చదువుతుంటావు కదా. జంబో అనేది ఒక ఏనుగు పేరు. లండన్ జూ నుంచి దాన్ని 1882లో బార్నమ్ అనే అమెరికా సర్కస్ యజమాని కొన్నాడు. 1885లో కెనడాలో రైలు గుద్ది చచ్చిపోయింది పాపం. పేరు మాత్రం పెద్దవాటన్నిటికీ మిగిలింది. గెలిచే పక్షంలోకి దూకేవాణ్ణి ‘బ్యాండ్‌వాగన్’ ఎక్కాడంటారు. ఊళ్లోకి సర్కస్ వచ్చినప్పుడు ఊరేగింపులో వాయిద్యగాళ్లను మోసిన బండి అది. మన బజార్లలో మైకు కట్టుకుని రంగు కాగితాలు చల్లుతూ తిరిగే బండి లాంటిదన్నమాట. అమెరికా సర్కస్‌లో కొత్తగా చేరినవాణ్ణి ‘ఫస్ట్ ఆఫ్ మే’ అనేవారు. వాళ్ల ఆటలు మే నెల మొదట్లో మొదలయ్యేవి. ఆ పిలుపులో వెక్కిరింత ఉన్నా, వాణ్ణి తమలో కలుపుకోవడం కూడా ఉంది.

మన భాషలోనూ ఇలాంటివి తక్కువేం లేవు. పార్టీ మారినవాడు పిల్లిమొగ్గలు వేశాడంటాం. నిజంగా పిల్లిమొగ్గ వేయాలంటే పసితనం నుంచీ ఒళ్లు వంచాలి నాయనా, మాట మార్చినంత సులువు కాదు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నారు. కలియుగ భీముడని కొలిచాం, విశాఖ సముద్రతీరాన విగ్రహం పెట్టుకున్నాం. న్యాయమే. మరి ఊరూరా గడ పాతి, దాని కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగిన దొమ్మరి ఆడకూతురికి ఏమిచ్చాం? నాలుగు గింజలు విదిల్చి, ఆమె కులం పేరును తిట్టు చేసుకున్నాం. ఏ వలా లేకుండా ఆడిన ఆట అది. బాపులపాడు నుంచి నూజివీడు దాకా ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా ఆ తిట్టు ఇప్పటికీ చెవిన పడుతుంది.

నువ్వు చదువుకున్నవాడివి. ఇంగ్లీషు మాటలు ఎన్నైనా నేర్చుకో, వాడుకో. ఆ ఒక్క తిట్టు మాత్రం నీ నోట రానివ్వకు. నీ స్నేహితులెవరైనా అంటే, అక్కడే ఆపు.