సాక్షి లేని పని కలదా?

మానవుడు చేయు పనులు రెండు విధములు. పదిమంది కన్నుల యెదుట చేయునవి కొన్ని. చేసిన వెంటనే మూతబడి, మరల ఎవ్వరి కంటను పడనివి కొన్ని. మొదటివానియందు శ్రద్ధ చూపుట కష్టము కాదు. నిందకు వెరచియో, మెప్పునకు ఆశపడియో ఎట్టివాడైనను ఆ పనిని చక్కగానే చేయును. రెండవవానియందు శ్రద్ధకు ఆధారమేమి? చూచువాడు లేడు, అడుగువాడు లేడు. అట్టిచోట లోపము లోపమగునా? ధర్మవిచారమున ఇది చిన్న ప్రశ్న కాదు.

ఆలయములు దీనికొక సమాధానమును చూపుచున్నవి. మూలమూర్తిని పీఠమున స్థిరపరచు అష్టబంధనమును భక్తు లెవ్వరును దర్శింపరు. ఎనిమిది ద్రవ్యములను నూరి సిద్ధపరచిన ఆ బంధనము అడుగుననే ఉండిపోవును. అయినను తిరుమలలో వైఖానసాగమ విధి ననుసరించి 12 సంవత్సరముల కొకసారి దానిని పునరుద్ధరించి మహాసంప్రోక్షణము గావింతురు. 2018 ఆగస్టు మాసమున అట్లే జరిగినది. దర్శనమున కందని దానికే అంతటి నియమము!

అదే సంవత్సరము మే 20వ తేదీ నుండి బ్రిటను దేశమున ఒక నిబంధన మారినది. 40 సంవత్సరములు నిండిన కార్లకు, వానియందు పెద్ద మార్పులు చేయనియెడల, ఏటేటి భద్రతా పరీక్ష తప్పనిసరి కాకుండ పోయినది. అయినను, వాహనమును రోడ్డుపై నడుపదగిన స్థితియం దుంచు బాధ్యత యజమానిపైననే నిలిచియున్నది. పరీక్షకుడు తొలగెను, బాధ్యత తొలగలేదు. చూచువాడు లేని పనికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము అరుదు.

ఆ దేశమున ఆబింగ్డన్ పట్టణమున 1962 నుండి 1980 వరకు ఎం.జి.బి. అను చిన్న స్పోర్ట్స్ కారును తయారుచేసిరి. అట్టివి 5 లక్షలకు పైగా వెలువడినవి. 1798 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను దానికి ప్రాణము. ఆ కార్లను నేటికిని కాపాడుకొనువారు పెక్కుమంది కలరు. వారిలో కొందరు ఇంటి షెడ్డులోనే ఇంజనును విప్పి, శుభ్రపరచి, అరిగినవి మార్చి, తిరిగి బిగింతురు.

ఈ పనిలో కంటికి కనబడునది స్వల్పము. వాల్వుల మూతపై రంగు, కార్బురేటర్ల మెరుపు మాత్రమే చూపరులకు గోచరించును. ఇంజను ప్రాణము నిలుపునది లోపలనున్నది. బ్లాకులోని ఆయిలు దారులను బ్రష్షులతో కడిగి, ఇసుక రేణువంతయు మిగులకుండ చూడవలెను. క్రాంక్‌షాఫ్టునకు బేరింగులకు నడుమ ఎడమును అంగుళములో వేయవ వంతుల లెక్కన కొలువవలెను. సిలిండరు హెడ్డు నట్లను నడుమనుండి అంచులకు వరుసగా, అంచెలంచెలుగా బిగింపవలెను. "చాలును" అని మనస్సు చెప్పినంత మాత్రమున చాలదు, కొలత ఒప్పుకొనవలెను. తన యిష్టమును కొలతకు లోబరచుట యనునది వినయమున కొక అభ్యాసము.

ఈ కారులో క్లచ్ మార్పవలెనన్న ఇంజనును దింపక తప్పదు. కావున ఇంజను బయటనున్నప్పుడే, ఇంకను కొంతకాలము పనిచేయునని తోచినను, క్లచ్ బేరింగును మార్చుట వివేకము. కార్బురేటర్లును, నిప్పువలె కాగు పొగ గొట్టపు భాగమును ఈ ఇంజనునకు ఒకే ప్రక్కన నున్నవి. నేటి పెట్రోలులో కలియు ఇథనాలు పాత రబ్బరు గొట్టములను చెరచును. బీటవారిన గొట్టమునుండి కారిన పెట్రోలు వేడి లోహముపై పడినచో మంటలు లేచును. గొట్టము వెల స్వల్పము. మానవుని ప్రాణమునకు వెల లేదు. కనుక ఇది కేవలము వినోదమని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. రోడ్డుపై నడుచు ప్రతి బాటసారియు ఆ షెడ్డులోని శ్రద్ధను నమ్మియే నడుచుచున్నాడు.

ఇనుముపై ఇంత మమకారమేల, దుర్లభమైన మానవజన్మను ఇందుకు వ్యయపరుపవచ్చునా యని ఆక్షేపము రావచ్చును. ఆక్షేపము సబబైనదే. ఇరుగుపొరుగున గొప్ప కొరకు చేసినచో ఆ శ్రమ అహంకారమునకు నైవేద్యమగును. కాని సర్వమును శ్రియఃపతి సొత్తనియు, జీవుడు ఆయనకు శేషభూతుడనియు శ్రీరామానుజ సిద్ధాంతము. చేతికి వచ్చిన వస్తువునకు తాను కాపరియే గాని యజమాని కాడని తెలిసి, పరులకు కీడు కలుగకుండ దానిని కాపాడువాని పని వేరు. గీత 18వ అధ్యాయమున సాత్త్విక కర్తకు చెప్పబడిన సంగరాహిత్యము, నిరహంకారము, ధైర్యము, ఉత్సాహము సుత్తిపట్టిన చేతికిని అన్వయించును. భేదము వస్తువులో లేదు, భావములో నున్నది.

ఆ భావమునకు పరీక్ష యెప్పుడు కలుగును? ఇంజను బిగించుట ముగిసినదనుకొనుడు. అడుగునున్న ఆయిలు తొట్టి మూసిరి. క్రేను సాయముతో ఇంజనును గేర్‌బాక్సుతో కూడ వాల్చి, మెల్లగా దింపి, స్థానమున నిలిపిరి. సాయంకాలమైనది. అప్పుడు చేసినవాని మనస్సున ఒక సందేహము మొలచినది: "మూడవ కనెక్టింగు రాడ్డు బోల్టును తుదిసారి కొలిచి బిగించితినా?" జ్ఞప్తికి రాదు. ఆ బోల్టు వదులైనచో నడుచుచున్న ఇంజనులో రాడ్డు విరిగి బ్లాకునే చీల్చవచ్చును. బిగువుగా నున్నచో ఏ భయమును లేదు. తెలిసికొనవలెనన్న ఇంజనును మరల పైకెత్తవలెను. వారము దినముల శ్రమ వెనుకకు పోవును. ఈ సందేహము లోకమున మరియొకనికి తెలియదు.

నిజముగా మరియొకనికి తెలియదా? బృహదారణ్యకోపనిషత్తు అంతర్యామి బ్రాహ్మణమున, జీవునిలోపల నుండి, జీవునిచే తెలియబడక, అతనిని నియమించువాడు పరమాత్మ యని ఉపదేశించినది. ఆ సందేహమును దుడిచివేసి స్టార్టరు త్రిప్పువాడు బోల్టును మాత్రమే మరచుట లేదు. లోననున్న సాక్షిని మరచుచున్నాడు. మరునాడు ఇంజనును మరల ఎత్తువాడు ఆ సాక్షికి తలవంచినవాడు.

విప్పి చూడగా బోల్టు సరిగానే బిగింపబడియున్నదనుకొనుడు. శ్రమ వ్యర్థమయ్యెనా? ఇనుమునకు సంబంధించినంతవరకు ఏమియు మారలేదు. చేసినవానిలో మారినది. నిన్న అతడు అదృష్టమును నమ్మి బయలుదేరవలసినవాడు. నేడు సత్యమును నమ్మి బయలుదేరుచున్నాడు. ధర్మాచరణ ఫలము దొరికిన లోపమును బట్టి కాదు, వెదకిన చిత్తమును బట్టి కలుగును.

వైష్ణవ గృహములందలి తల్లులకు ఈ విషయము క్రొత్త కాదు. స్వామికి నివేదింపకముందు వంటకమును రుచి చూడరాదు. ఉప్పు సరిపోయినదో లేదో చెప్పువారు లేరు. అందుచేతనే వారి చేయి మరింత జాగరూకతతో కొలుచును. ఆరగించువాడు ఎవ్వడో వారెరుగుదురు. ఆ ఎరుక కలవానికి వంటయిల్లైనను, షెడ్డైనను, గర్భాలయపు పీఠమైనను, సాక్షి లేని పని యొక్కటియు లేదు.