అమ్మాయి ఏం చేస్తోంది?

మొన్న శ్రావణంలో హనుమకొండలో మా అక్క వాళ్లు కొత్తిల్లు కట్టుకుని సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. లోపల కథ నాలుగో అధ్యాయంలో పడింది. బయట వరండాలో ఆడవాళ్లం తాంబూలాలు సర్దుతున్నాం. అప్పుడు వాళ్ల వీధిలో ఉండే ఒక పెద్దావిడ, వక్కపొడి పొట్లం కడుతూ మా అక్కను చాలా మామూలుగా ఒక ప్రశ్న అడిగింది.

"మీ బిడ్డ ఇప్పుడు ఏం చేస్తుందమ్మా?"

మా అక్క చేతిలో తమలపాకులు అలాగే ఉండిపోయాయి. పాపం, దానికి జవాబు తెలియక కాదు. ఒక్క జవాబు లేక!

డాక్టరు అంటే అయిపోయేది. బ్యాంకు అంటే అయిపోయేది. అమెరికా అన్నా అయిపోయేది, అక్కడ ఏం చేస్తోందని ఎవరూ అడగరు. మా అక్క కూతురి సంగతి అలాంటిది కాదు. ముందు కంప్యూటరు తెర మీద వెబ్ పేజీలకు రూపాలు దిద్దింది. కొట్టు బోర్డుల్లాంటి పేజీలు కావు. ఇలా కూడా ఉండొచ్చా అనిపించే వింత పేజీలు. తరువాత మన తెలుగు అక్షరం తెర మీద ఎలా కూర్చుంటుంది, ఎక్కడ ఇబ్బంది పడుతుంది అని పరిశోధన మొదలుపెట్టింది. ఇప్పుడేమో జీతం సగానికి సగం తగ్గించుకుని ఒక కళాశాలలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. ముప్ఫై నాలుగేళ్లు!

"ఏదో... కంప్యూటర్లలో" అంది మా అక్క.

ఆవిడ వెళ్లాక వంటింట్లో నా మీద పడింది. "నువ్వన్నా చెప్పవే! గిదేం కొలువే? పేరు చెప్తే నలుగురికి అర్థం కావాలె గదా! ఒక్క పని పట్టుకుని కూర్చోదు."

నేను చెప్పాను కూడా. దాచడమెందుకు? ఆ సాయంత్రమే మేడ మీద మా పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో మన పెద్దవాళ్లు ఏనాడో చెప్పారని, నువ్వు ఏకంగా మూడు పడవలెక్కావని ఉపన్యాసం ఇచ్చాను. నవలలు రాసేవాళ్లకు ఉపన్యాసాలు తేలిగ్గా వస్తాయి.

అంతా విని, "చిన్నమ్మా, నీకొకటి చూపిస్తా" అని ఒడిలో కంప్యూటరు తెరిచింది.

చదువుకునే రోజుల్లో తను చేసిన మొట్టమొదటి పేజీ అట. నాకు లీలగా గుర్తుంది. తెర మీద 'క' ఉండేది. వేలితో తాకితే తలకట్టు పిట్టలా ఎగిరిపోయేది. ఒత్తులన్నీ చీమల్లా కింద బారు కట్టి నడిచేవి. అప్పట్లో మా ఇంట్లో పిల్లలంతా దాని చుట్టూ మూగేవాళ్లు. ఇప్పుడు చూద్దును కదా, తెర మీద బూడిదరంగు చదరం తప్ప ఏమీ లేదు.

"ఏదే పిట్ట?"

"పోయింది" అంది నవ్వుతూ.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో తెర మీద బొమ్మలు కదలాలంటే ఎక్కువమంది ఫ్లాష్ అనే సాధనం వాడేవారు. దాన్ని నడిపే అడోబీ కంపెనీ 2020 డిసెంబరు 31తో ఇక చాలు అనేసింది. ఆ తరువాత కొద్దిరోజులకే, 2021 జనవరి 12 నుంచి, అందులో చేసినవి తెరుచుకోకుండా ఆపేశారు. ప్రపంచమంతటా ఎందరో పడ్డ కష్టం ఆ చదరం వెనక్కి వెళ్లిపోయింది. పాతవాటిని మళ్లీ నడిపించే ఉపాయాలు కొన్ని వచ్చాయి గానీ, మా పిల్ల చేసినదాంట్లో సగం ముక్కలు ఎక్కడ పెట్టిందో తనకే దొరకలేదు.

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నా మొదటి సీరియల్ వచ్చిన వారపత్రికల కట్ట మా అటక మీద చెదలు తినేసింది. నా దగ్గర ఇంకో ప్రతి లేదు. అది ఎవరికైనా గుర్తుందో లేదో తెలియదు. ఇరవై నాలుగు వారాలు రాత్రిళ్లు వంటిల్లు కడుక్కున్నాక కూర్చుని రాసింది, చెదపురుగు నాలుగు రోజుల్లో చదివేసింది!

అప్పుడు నాలో ఒక ప్రశ్న పుట్టింది. మీరూ ఎప్పుడో ఒకప్పుడు వేసుకునే ఉంటారు. ముగ్గు వేసినప్పుడో, ఆవకాయ జాడీ ఖాళీ అయినప్పుడో. నిలవని పనికి ఇంత ప్రాణం పెట్టడం దేనికి? పెట్టినా, ఆ ఉన్న ప్రాణాన్ని చేయడానికీ తెలుసుకోవడానికీ నేర్పడానికీ మూడు వాటాలు వేయడం తెలివైన పనేనా?

మా పిల్ల తన పరిశోధన ఏమిటో చెప్పమంటే ఒకే ఒక్క మాట రాసి చూపించింది. 'స్త్రీ'. మన కంటికి ఒక్కటే అక్షరం. యంత్రానికి ఆరట! స, ఒక పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, దాని మీద దీర్ఘమైన గుడి. ప్రపంచ భాషలన్నిటికీ లెక్క ప్రకారం చోటిచ్చే యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికింది. కానీ చోటు దొరికితే సరిపోతుందా? ఆ ఆరింటినీ కలిపి ఒక్కటిగా కూర్చోబెట్టే నేర్పు ఖతిలో ఉండాలి. లేకపోతే ఒత్తులు పక్కకు జరిగి, గుడి ఎగిరిపోయి, స్త్రీ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

"కంప్యూటరులోనే కాదులే" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం.

కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు ఇలాంటి ఖతులు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఒకదానికి పోతన అని పేరు పెట్టారు, ఇంకోదానికి వేమన అని. ఆ పేరు వినగానే నా మనసు కెనడాలో ఆగలేదు. మన బమ్మెరకు వచ్చేసింది.

బమ్మెర ఎక్కడో కాదు. నిన్నటిదాకా మా వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. పోతన గారు పొలం దున్నుకుంటూ భాగవతం రాశారని, రాజుకు అంకితమివ్వనంటే ఆయన కోపంతో దాన్ని భూమిలో పాతిపెట్టించాడని, పైకి తీసేసరికి కొంత భాగం శిథిలమైందని మన ఇళ్లల్లో చెప్పుకునే కథ. కథలో నిజమెంతో పండితులు చూసుకుంటారు. పుస్తకం మాత్రం మన కళ్లముందే ఉంది. పన్నెండు స్కంధాల్లో అయిదోది గంగన, ఆరోది సింగన, చివరి రెండూ వెలిగందల నారయ రాసినవి. నారయ తనను పోతన గారి శిష్యుణ్ణని చెప్పుకున్నాడు.

చిన్నప్పుడు ఈ కథ విని, అయ్యో పోయిందే అనుకునేదాన్ని. ఈ వయసులో ఇంకోటి తోస్తోంది. పోయినచోట కలం పట్టడానికి ఒక మనిషి ఉన్నాడు కదా! అలా ఉండాలంటే అంతకుముందు ఎవరో కూర్చోబెట్టుకుని నేర్పి ఉండాలి కదా!

అలా నేర్పేవాళ్లు లేకపోతే ఏమవుతుందో కూడా మా ఊరి దగ్గరే చూడొచ్చు. కాకతి గణపతిదేవుడి గజబలానికి అధిపతి జాయప సేనాని. రాజుకు బావమరిది కూడా. ఏనుగుల్ని నడిపిన ఆ మనిషే 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' అని నాట్యశాస్త్రం రాశాడు. అందులో పేరిణి నృత్యం గురించీ ఉంది. ఆయన్ను కూడా చుట్టాలెవరైనా, ఏనుగులా నాట్యమా ఒక్కటి తేల్చుకో అని పోరారో లేదో మరి! తరువాత రాజ్యం పోయింది. చూపించే గురువు, చూసే శిష్యుడు, ఆ వరస తెగింది. పేరిణి ఆడే కాలు లేకుండా పోయింది. పుస్తకంలో మాటలు, 1213 నాటి రామప్ప గుడి రాళ్ల మీద భంగిమలు మాత్రం మిగిలాయి.

శతాబ్దాల తరువాత నటరాజ రామకృష్ణ గారు ఆ పుస్తకాన్ని, ఆ రాళ్లను పక్కపక్కన పెట్టుకుని చదివారు. చదివి ఊరుకోలేదు, అడుగులు కూర్చారు. కూర్చి ఊరుకోలేదు, కుర్రవాళ్లకు నేర్పారు. 1985 శివరాత్రికి రామప్ప గుడిలో పేరిణి ఆడించారు. ఆయన నాట్యాచార్యుడా, పరిశోధకుడా, ప్రయోగాలు చేసే కళాకారుడా అని అడిగితే ఏం చెబుతాం? పరిశోధన లేకపోతే అడుగు తెలియదు. ప్రయోగం లేకపోతే రాతికీ రాతికీ మధ్య ఉన్న కదలిక దొరకదు. నేర్పకపోతే 2011లో ఆయనతోనే మళ్లీ పోయేది. మూడు పడవలు కావవి. ఒకే పడవకు చుక్కాని, తెడ్డు, తెరచాప.

మా పిల్ల తన రంగంలోంచి ఒక ఉదాహరణ చెప్పింది. అమెరికాలో జాన్ మయెడా అని, సియాటిల్‌లో టోఫు కొట్టు పెట్టుకున్నవాళ్ల అబ్బాయి. తెర మీద కదిలే అక్షరాలతో ప్రయోగాలు చేశాడు, ఎం.ఐ.టి.లో పరిశోధన నడిపాడు, పాఠాలు చెప్పాడు. బొమ్మలు వేసేవాళ్లకు కంప్యూటరు భాష నేర్పడానికి 1999లో ఒక పుస్తకం రాశాడు. ఆయన దగ్గర చదువుకున్న బెన్ ఫ్రై, కేసీ రియాస్ అనే ఇద్దరు 2001లో 'ప్రాసెసింగ్' అనే సాధనం మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఆ ప్రాసెసింగ్‌తోనే మా పిల్ల తన విద్యార్థులకు మొదటి పాఠం చెబుతుందట.

ఇదంతా బాగానే ఉంది గానీ, మా అక్క మాటలో కూడా నిజం లేకపోలేదు. పాఠం చెప్పడం ఊరికే వచ్చేది కాదు. "రెండేళ్లయింది చిన్నమ్మా, నాదంటూ ఒక్క పేజీ చేయలేదు. ముప్ఫైమంది పిల్లల తప్పులు దిద్దేసరికి రాత్రవుతుంది" అని మా పిల్లే ఒప్పుకుంది. ఆ మాట అన్నప్పుడు అది నవ్వలేదు. నేర్పినవాళ్లంతా మన పేరు నిలబెడతారనీ లేదు. కొందరు మరిచిపోతారు, కొందరు మనకంటే బాగా చేసి మనల్నే చిన్నబుచ్చుతారు. పేరు కోసమైతే ఇది చాలా నష్టపు బేరం.

"మరెందుకే?" అన్నాను.

కాసేపు ఆలోచించి అంది: "మొన్న ఒక పిల్ల 'ళ' తీసుకుని ఏదో చేసింది. నాకు తట్టనే తట్టదు అది. కానీ తలకట్టు విడిగా కదలొచ్చు అన్న సంగతి మాత్రం నా దగ్గరే నేర్చుకుంది. నా పిట్ట పోయిందని నువ్వు బాధపడుతున్నావు. నాకేమో అది దాని కొమ్మ మీద వాలినట్టే ఉంది."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మా పిల్ల గురించి కాదు. రెండేళ్ల కింద మా వీధిలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చేది, చేతిలో రెండు వందల పేజీల నోటు పుస్తకం పట్టుకుని. "మేడమ్, కథలు రాశాను, ఆదివారాలు ఒక గంట చూసి చెప్తారా?" అని అడిగింది. "ఈ నవల కానివ్వమ్మా" అన్నాను. మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అదే అన్నాను. నాలుగోసారి రాలేదు. ఆ నవల అయింది, తరువాతిదీ అయింది. చెదలు కూడా తమ పని తాము చేసుకుంటూనే ఉన్నాయి.

నాకు తీరిక లేదన్నది అబద్ధం కాదు. కానీ నా గంట నా దగ్గర పెట్టుకుని నేనేం దాచుకున్నానో చెప్పమంటే చెప్పలేను. చేతిలో ఉన్న విద్య మనదే, కాదనను. అది మనకు కూడా ఎవరో తమ పని మానుకుని నేర్పిందే కదా! కాలేజీలో మా తెలుగు లెక్చరరు గారు నా మొదటి కథను ఎర్ర సిరాతో నింపి ఇచ్చినప్పుడు, ఆవిడ తన ఏ పని పక్కన పెట్టారో నేను ఏనాడూ అడగలేదు.

మర్నాడు ఆ అమ్మాయి ఇంటికి నేనే వెళ్లాను. వాళ్లమ్మ తలుపు తీసి, "ఇప్పుడు రాస్తలేదు మేడమ్, బట్టల షాపులో లెక్కలు రాస్తుంది" అంది. సాయంత్రం దాకా కూర్చున్నాను. అమ్మాయి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది గానీ సంతోషించినట్టు లేదు. సంతోషించాలని కూడా లేదు. పుస్తకం ఉందా అంటే, ఉందో లేదో వెతకాలంది. వెతకమన్నాను. ఆదివారం పది గంటలకు మా ఇంట్లో కాఫీ పెట్టి ఉంచుతానని చెప్పి వచ్చాను. వస్తుందో రాదో ఆమె ఇష్టం. ఇప్పుడు ఎదురుచూడవలసిన వంతు నాది.

మా అక్క సంగతి చెప్పడం మరిచాను. నిన్న కూరగాయల బండి దగ్గర ఆ వక్కపొడి పెద్దావిడే మళ్లీ పట్టుకుందట, "మీ బిడ్డ ఏం చేస్తుందంటిరి?" అని. ఈసారి మా అక్క తడుముకోలేదట.

"తనకు వచ్చింది నలుగురికి నేర్పుతుంది వదినా" అందట.

ఆవిడ బెండకాయలు ఏరుతూ, "మంచి పనే" అందట. చూశారా, ఇంతలో ఉంది!