ఓర్పు – ఓపిక: ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సందర్భం

‘రెసిలియన్స్’ అనే భావనకు తెలుగులో ‘స్థితిస్థాపకత’ అన్న భౌతికశాస్త్ర పదం వాడుకలో ఉంది. బలప్రయోగం ఆగిన పిమ్మట వస్తువు పూర్వాకృతిని పొందడం దాని అర్థం. ఆటిజం ఉన్న బిడ్డను పెంచే తల్లిదండ్రులకు ఈ పదం అతకదు. వారి బాధ్యతకు ‘పిమ్మట’ అంటూ లేదు.

లోకం వారికిచ్చే మాట ‘ఓర్పు’. తల్లిని భూదేవితో పోల్చినప్పుడే ఆ ఓర్పుకు హద్దు లేదన్న ఊహ స్థిరపడింది. ‘ఓపిక’కు మాత్రం సహనమనీ, ఒంట్లోని సత్తువ అనీ రెండర్థాలు. సత్తువ తరుగుతుంది, తిండి, నిద్ర, తోడు దొరికితే మళ్లీ కూడుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల వర్షాధార గ్రామాల నుంచి కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. దినచర్య మారితే తల్లడిల్లే బిడ్డను వెంట తీసుకుపోవడం కష్టం. ఒకరు ఊళ్లో ఆగిపోతే ఆ కూలి పోతుంది. 1938 నాటి చేనేత సహకార సంఘంతో పేరొందిన ఎమ్మిగనూరులో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. బిడ్డ కళ్లెదుటే ఉంటాడు గాని, లేచిన ప్రతిసారీ నేత ఆగుతుంది.

ఈ స్థితిలో ఓర్పును పొగడటం నిర్దోషమేనా? బ్రూనో బెతెల్‌హైమ్ 1967లో ఆటిజానికి తల్లుల నిర్లిప్తతను కారణంగా చూపాడు. ఆ నింద తప్పని తేలిపోయింది. నేటి పొగడ్త దానికి విరుగుడుగా కనిపించినా, బిడ్డ బాగోగులను తల్లి గుణానికే ముడిపెట్టడంలో రెండూ ఒకటే.

1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం సంరక్షకుల నియామకాన్ని స్థానిక స్థాయి సంఘానికి అప్పగించింది. 2016 చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాలలో చేర్చింది. ‘మా తరువాత ఎవరు?’ అన్న ప్రశ్నకు చట్టంలో చోటు దొరికింది. అయితే దరఖాస్తు కోసం కర్నూలుకు పోయి రావాలంటే నేతగానికి ఆ రోజు మగ్గం ఆగుతుంది.